అంతా పచ్చగానే ఉంది

తెర మీద అంతా ఆకుపచ్చగానే ఉంది, అయినా బల్ల కింద నా కాలు ఊగడం ఆగదు. కూర్చుని కాలూపితే ఇంటికి మంచిది కాదని మా నాయనమ్మ తొడ మీద ఒక్కటి వేసేది. ఇక్కడ వేసేవాళ్ళు లేరు. ఏసీ హోరు, దాని మీద వాన హోరు, ఎదురుగా ఫ్యాక్టరీ పటం, పటం నిండా ఆకుపచ్చ చుక్కలు. ఈ సర్వర్ గదికి కిటికీ లేదు కాబట్టి ఊరి చివరి ఈ ఇచ్ఛాపూర్‌లో వాన ఎంత జోరుగా ఉందో పైన రేకుల చప్పుడును బట్టి ఊహించుకోవాలి. ఎలక్ట్రీషియన్ రాఘవగారు గొడుగేసుకుని గేటు క్యాబిన్ దాకా వెళ్ళారు. అక్కడి స్విచ్‌కి ప్లగ్గు పీకుతారు, పీకగానే ఇక్కడ ఆ చుక్క ఎర్రబడాలి, గంట మోగాలి. నాలుగింటికి మేనేజరు వచ్చి చూసేలోపు మేం ఒకసారి చూసుకోవాలి కదా. స్విచ్ అంటే దీపం స్విచ్ కాదమ్మా, కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి కలిసే డబ్బా అని మా అమ్మకు చెప్పేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. అంతా విని ఆమె, అయితే నువ్వు డబ్బాలకు కావలి ఉంటవన్నమాట, అని తేల్చేసింది. నాలుగేళ్ళ ఇంజనీరింగు చదువుని ఇంత పొట్టిగా చెప్పినవాళ్ళు ఇంకొకరు లేరు.

ఎర్రబడదేం. రాఘవగారు దారిలో టీకి ఆగి ఉంటారు, వానలో టీ తాగకుండా ఎవరు మాత్రం నడుస్తారు. ఈ కావలి రెండు రకాలు. ఒకటి, డబ్బాకి కష్టమొస్తే అదే కబురు పంపడం. దాన్ని ట్రాప్ అంటారు, పోస్టుకార్డు లాంటిది, పోస్టు డబ్బాలో వేశాక చేరిందో లేదో వేసినవాడు కనుక్కోడు. రెండోది, ఇక్కడి నుంచి మనమే మాటిమాటికీ ఉన్నావా, బాగున్నావా అని అడగడం, పోలింగ్. నేను రెండూ పెట్టాను. మొన్న ధర్మరాజుగారు వచ్చి రెండోది తీయించేశారు. ఆయన ఈ ఫ్యాక్టరీలో కంప్యూటర్ల ఇన్‌చార్జి, భీమవరం వైపు మనిషి, నెమ్మదస్తుడు, ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఆయనకు తలనొప్పి వస్తుంది. "అస్తమానం ఉన్నావా ఉన్నావా అని గుచ్చి గుచ్చి అడుగుతుంటే లైను బరువెక్కదూ? ఏదైనా అయితే అదే చెబుతుందిలే అమ్మా" అన్నారు. లైనుకి ఆ బరువు చీమకి చక్కెర పలుకంత కూడా కాదని నాకు తెలుసు. అయినా వాదించలేదు. మేనేజరు చూసి పని ఒప్పుకుంటే మా చిన్న కంపెనీకి ఇక్కడ ఏడాది పొడుగునా కావలి కాసే పని, నాకు పర్మనెంటు. అదొక్కటే కాదు. ఆయన మాట నాకు న్యాయంగానే తోచింది, ఎందుకంటే అచ్చంగా అదే మాట నేను ఇంట్లో అని ఉన్నాను.

మధ్యాహ్నం అయ్యేసరికి అమ్మ ఫోన్ చేసేది. ఎక్కడున్నా సరే, నిచ్చెన మీదున్నా, ఎవరైనా పెద్దమనిషి ఎదురుగా కూర్చుని ఉన్నా, జేబులో ఫోను కొట్టుకునేది. తిన్నవా? అంతే ప్రశ్న. తిన్న, పెట్టెయ్. అంతే జవాబు. తిన్నా అదే, తినకపోయినా అదే. ఈ పని మొదలైన కొత్తలో ధర్మరాజుగారి ముందర అలా మోగితే, ఆ సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పేశాను, ఇగ రోజూ చెయ్యకు, పని కాడ ఇజ్జత్ పోతది, ఏమన్న అయితే మిస్‌డ్ కాల్ ఇయ్యి, నేనే చేస్త, ఇయ్యకపోతే అంతా మంచిగున్నట్టే. ఎల్లవ్వ, సరే బిడ్డ, అంది. అమ్మను నేను మనసులో అప్పుడప్పుడు పేరుతోనే పిలుచుకుంటాను, కోపంగా ఉన్నప్పుడూ, భయంగా ఉన్నప్పుడూ. మర్నాటి నుంచి మధ్యాహ్నాలు నిశ్శబ్దం. నాకు హాయిగా ఉండేది. మొదటి రెండు మూడు రోజులు మాత్రం ఒంటిగంట దాటాక జేబు తడుముకున్నాను.

ఈ గుజరాతీ ఊళ్ళో మా తెలుగు నేతవాళ్ళుండే లింబాయత్ గల్లీలో మిస్‌డ్ కాల్ అంటే పెద్ద భాష. ఒకటి కొట్టి పెట్టేస్తే చేరినట్టు. రెండు కొడితే కిందికి రా అని. సేఠ్ నుంచి ఒకటి వస్తే నూలు దిగింది, పనికి రమ్మని. మా పై గదిలో ఉండే కొమురవ్వ కొడుకు పెళ్ళిచూపులకు పోయి పిల్ల నచ్చితే ఒకటి, నచ్చకపోతే రెండు అని చెప్పి, తీరా బస్సులో ఫోను మీద కూర్చుని ఏడు కొట్టాడు, ఇంటిల్లిపాదీ ఏమయిందోనని పరుగో పరుగు. పైసా ఖర్చు లేని భాష. అమ్మకి చదువు రాదు కాబట్టి రెండో నంబరు బొత్తాం గట్టిగా నొక్కి పట్టుకుంటే నాకు వచ్చేలా పెట్టి, దాని మీద బొట్టుబిళ్ళ అంటించాను. పోయినేడు పెద్ద వరదలో మాకు ఫోనే లేదు. నేను అప్పుడు ఊరికి ఇంకో కొసనున్న ఉన్‌లో మా నాన్న సోమలింగం పనిచేసే కార్ఖానాలో చిక్కుకుపోయాను, అమ్మ ఇంటి దగ్గర మేడ మీద కొమురవ్వ గదిలో. ఒకరు క్షేమమని ఇంకొకరికి తెలిసే లోపల మేమిద్దరం ఎంత ఏడ్చామో. అందుకే ఈ ఫోను.

ఇంకా ఆకుపచ్చే. టీ మీద టీ తాగుతున్నారేమో. మా నాన్న అంటాడు, సాంచాల మోతలో పుట్టినోళ్ళకు మోత అంటే జోలపాట అని. నిజమే, మా గోడకవతలే పన్నెండు సాంచాలు, కరెంటు మగ్గాలు, పగలూ రాత్రీ అవి నేస్తుంటే గిన్నెలు అలమారాలో వాటంతటవే జరుగుతాయి, మాకు మాత్రం సుఖంగా నిద్ర పడుతుంది. కరెంటు పోయి అవి ఆగాయా, చంటిపిల్లలతో సహా గల్లీకి గల్లీ లేచి కూర్చుంటుంది. ఏమయింది, ఎందుకాగింది. చప్పుడు ఆగితే ఉలిక్కిపడే జాతి మాది. మరి అలాంటి ఇంట్లో పుట్టి, చప్పుడు లేకపోతే అంతా మంచిగున్నట్టే అని అమ్మకి చెప్పాను చూడు. ఏదో తలకెక్కబోతోంది, ఎక్కడం లేదు, పంటిలో పీచు ఇరుక్కున్నట్టు.

పొద్దున బయల్దేరేటప్పుడు ఖాడీ నీళ్ళు గల్లీ మొగదాకా వచ్చి ఉన్నాయి, నల్లగా, ప్లాస్టిక్ సంచులు తేలుతూ. ఆ మురుగు కాలువ ఏడాదికోసారి మమ్మల్ని పలకరించి పోతుంది, మాకు అలవాటే. అమ్మ మంచం కాళ్ళ కింద ఇటుకలు పెడుతోంది, కండెలు చుట్టే నూలు పెట్టెని మంచమెక్కించింది. నేను చెప్పులు చేత్తో పట్టుకుని, నీళ్ళు గడప దాటితే ఒత్తు, అన్నాను. ఇక్కడ కిటికీ కాడనే ఒత్తు, మేడ మీద సిగ్నల్ రాదు. అది నిజం, వీధి వైపు కిటికీ దగ్గర తప్ప మా ఇంట్లో ఎక్కడా ఒక్క గీత కూడా రాదు, కొమురవ్వ గది వెనకవైపు రేకుల కింద, అక్కడ అసలే లేదు. అమ్మ తల ఊపి, నాలుగు గంటలకేనా నీ పరీక్ష, అని అడిగింది. పరీక్ష కాదే, చూపెట్టుడు, అన్నాను. ఆమెకి రెండూ ఒకటే. పదో తరగతిలో నేను పరీక్ష రాస్తుంటే బడి గేటు బయట ఎండలో మూడు గంటలు నిలబడ్డ మనిషి, లోపలికి నీళ్ళు పంపితే నాకు ధ్యాస చెదురుతుందని నీళ్ళ సీసా చేత్తోనే పట్టుకుని. అప్పటికీ ఆమెకు దాహమేసినా తాగలేదు, అది నా సీసా అట.

తలుపు తెరుచుకుంది, గొడుగు ముందు, వెనక రాఘవగారు, ప్యాంటు మోకాళ్ళదాకా తడిసి. ఫోనైనా చేయకుండా వచ్చేశారేం అనుకుంటున్నాను, ఆయనే అడిగారు.

"మోగిందా అమ్మా? పీకి చాలాసేపైంది. అక్కడ కాసేపు నిలబడి, సరే అయిపోయుంటుందిలే అని వచ్చేశా."

తెర వైపు చూశాను. గేటు క్యాబిన్, ఆకుపచ్చ. చూశారా నేనెంత బాగున్నానో అన్నట్టు, నిమ్మకు నీరెత్తినట్టు. ఒక్క క్షణం ఆయన అబద్ధమాడుతున్నారనుకున్నాను. తర్వాత నాకే సిగ్గేసింది. కరెంటు పోయిన డబ్బా కరెంటు పోయిందని ఎలా చెబుతుంది? చెప్పడానికి ప్రాణం ఉండాలి కదా. మధ్యలో గాజుతీగని మామూలు తీగతో కలిపే ఫైబర్ కన్వర్టర్ ఒకటుంది, అవతల వైపు చచ్చినా ఇవతల దీపం వెలుగుతూనే ఉంటుంది, కాబట్టి పక్క డబ్బా కూడా ఏమీ చెప్పదు. ఇది మొదటి ఏడాది పిల్లలకి చెప్పే పాఠం. గొంతు నులిమేస్తే అరవలేరు. అరుపు వినబడలేదు కాబట్టి అంతా క్షేమం అని పటం మీద పచ్చరంగు వేసుకుని కూర్చున్నాం. జేబులోంచి ఫోను తీశాను. మిస్‌డ్ కాల్స్ లేవు. పొద్దున్నుంచీ ఒక్కటీ లేదు. పొద్దున్నుంచీ దాన్ని చూసుకుని, హమ్మయ్య, గడప దాటలేదు, అనుకుంటున్నాను.

చేశాను. గుజరాతీలో ఒక ఆడగొంతు తీయగా, మీరు పిలిచిన నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదంది. ఫోను తడిసిందా. ఛార్జింగ్ అయిపోయిందా. నీళ్ళలో పడిందా, పడింది ఫోనొక్కటేనా. మళ్ళీ చేశాను. అదే గొంతు, అదే తీపి. పోలింగ్ పెట్టేటప్పుడు ఒక గడి ఉంటుంది, జవాబు రాకపోతే ఎన్నిసార్లు అడగాలి అని. నేనెప్పుడూ మూడు వేస్తాను, అందరూ మూడే వేస్తారు. మూడుసార్లు అడిగి పలకకపోతే చచ్చిందని లెక్క, ఎర్రరంగు వేసి తరువాతి దాని దగ్గరికి పోవడమే. మూడోసారి చేశాను. అదే గొంతు. మూడయ్యాయి. ఆ గడిలో మూడు వేసిన మొదటి మనిషికి తల్లి లేదేమో. నాలుగోసారి చేశాను.

నాన్న కార్ఖానాకి చేశాను. ఎవరో ఎత్తారు, వెనక సాంచాల మోత, ఎవరు, ఎవరు, అని అరిచి నా మాట వినబడక పెట్టేశారు. ఉన్‌లో నీళ్ళు లేవన్నమాట, అదొకటి. కానీ ఉన్‌లో నీళ్ళు లేకపోతే లింబాయత్‌లో లేనట్టా? మా గోడకవతల సాంచాలు ఇప్పుడు తిరుగుతున్నాయా, ఆగాయా, అదొక్కటి వినబడితే చాలు నాకు, ఆ చప్పుడుని బట్టి చెప్పేస్తాను నీళ్ళు ఎంతదాకా వచ్చాయో. కొమురవ్వకి ఫోను లేదు. కొడుకు పని మీద భివండీ పోయాడు. నడుము లోతు నీళ్ళలో కరెంటు బోర్డు. పోయినేడు ఎదురింటి ముసలాయన అలాగే. వద్దు, ఆ ఆలోచన వద్దు. లేచి గది ఈ మూల నుంచి ఆ మూలకి, కాలుగాలిన పిల్లిలా. రాఘవగారు ఏమైందమ్మా అంటున్నారు, నేను మళ్ళీ చేస్తున్నాను, ఐదోసారి, ఆరోసారి.

ధర్మరాజుగారు వచ్చి తెర చూసి మురిసిపోయారు. రాఘవగారు సంగతి చెప్పగానే ఆ మురిపెం కాస్తా దిగిపోయింది. గోడ గడియారం చూసుకున్నారు. నసిగి నసిగి చివరికి, "ప్లగ్గు మళ్ళీ పెట్టించేయమ్మా. మేనేజరుగారి ముందు ఇంకో డబ్బాకి కరెంటు ఉంచి ఒక్క కేబుల్ మాత్రం తీద్దాం, దానికైతే కబురొస్తుందిగా. పచ్చగా ఉన్నదాన్ని ఇప్పుడెందుకు కెలకడం" అన్నారు. చెడ్డవాడేం కాదు. పచ్చగా కనబడితే పచ్చగా ఉన్నట్టేనని నమ్మే మంచివాడు, నాలాగే. పర్మనెంటు నాకు వద్దా, కావాలి, చాలా కావాలి. కానీ నా చెయ్యి అప్పటికే మౌసు మీదుంది. మీరేమనుకున్నా సరే సార్, అన్నాను, అని పోలింగ్ పెట్టేశాను, అన్నింటికీ. ఆయన తలనొప్పి వచ్చినట్టు కణతలు పట్టుకున్నారు.

తెర ఒక్కొక్కరినీ అడుక్కుంటూ పోయింది. ఉన్నావా. ఉన్నావా. గేటు క్యాబిన్ ఎర్రబడింది, గంట మోగింది. అనుకున్నదే. తర్వాత ఎవరూ అనుకోనిది, పంపుహౌసు ఎర్రబడింది. అక్కడెవరూ ప్లగ్గు పీకలేదు. రాఘవగారు ఇంటర్‌కమ్‌లో అడిగితే, పంపుహౌసు గదిలోకి పొద్దుటే నీళ్ళొచ్చి కరెంటు పోయిందట, అక్కడి మనిషి చెబుదామని చూస్తే కంప్యూటరు పనిచేయక, అదే మీకు తెలుస్తుందిలే అని ఊరుకున్నాడట. పొద్దుటి నుంచీ చచ్చి పడున్నదాన్ని పచ్చగా చూస్తూ కూర్చున్నాం ముగ్గురం. ధర్మరాజుగారు నా మొహంలోకి చూశారు. అప్పుడు చెప్పాను, మా అమ్మ పలకడం లేదు సార్, లింబాయత్, కింది గది. ఆయన ముందు ఏడవడం ఇదే మొదలు. ఆయన ఇంక గడియారం చూడలేదు.

"మేనేజరుగారికి నేను చూపిస్తాను, ఉన్నదున్నట్టు. నువ్వు జీపు తీసుకెళ్ళమ్మా. ఫోను మాత్రం ఆపకు, చేస్తూనే ఉండు."

జీపు వాకిట్లోకి వచ్చేలోపల మెట్ల మీద నిలబడి చేస్తూనే ఉన్నాను. ఎన్నోసారో లెక్క మానేశాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా అమ్మ విషయంలో అది తప్పు, అడగకపోయినా పెడుతుంది. అడగందే చెప్పదు, అంతే. మోకాళ్ళు నొప్పని ఎప్పుడైనా చెప్పిందా. నేను ఎప్పుడైనా అడిగానా. వాన మొహం మీద కొడుతోంది, చెవి దగ్గర ఆ తీయటి గొంతు కోసం సిద్ధంగా ఉన్నాను, గొంతు రాలేదు. మోగుతోంది. ఒకటి. రెండు. మా భాషలో రెండంటే కిందికి రా అని. ఎత్తింది.

"ఎవలు?"

అమ్మ, నేనే, అన్నాను. అరిచానేమో, డ్రైవరు తిరిగి చూశాడు. నీళ్ళు గడప దాటినయా?

"ఎప్పుడో దాటినయ్ బిడ్డ. పొద్దుగాలనే. ఇప్పుడు మంచం పట్టెలకు తాకుతున్నయ్. నేను మంచం మీద కిటికీ కాడ కూసున్న, వానకు సిగ్నల్ పోయి ఇప్పుడే వచ్చినట్టుంది, నాకేం కాలే, కరెంటు పొద్దుగాలనే తీసేసిండ్రు."

మరి ఎందుకు ఒత్తలేదు. ఒత్తమని చెప్పాను కదా, అదొక్కటే కదా నేను చెప్పింది. కోపం, ఏడుపు, రెండూ కలిసి ఏ మాట వచ్చిందో నాకే తెలియదు. అవతల నీళ్ళు గోడకి కొట్టుకుంటున్న చప్పుడు. సాంచాల చప్పుడు లేదు. కొమురవ్వ ఎక్కడో పై నుంచి, పైకి రావే ఎల్లవ్వ, అని కేకేస్తోంది.

"నాలుగు గంటలకు నీ పరీక్ష అన్నవ్ గద. నడుమల ఒత్తితె ఆగమైతవని. కొమురవ్వ పైకి రమ్మంటనే ఉన్నది, పైన సిగ్నల్ రాదాయె. నాలుగు కొట్టంగనే ఒత్తుదామని బొట్టుబిళ్ళ మీద వేలు పెట్టుకొని గడియారం దిక్కు జూస్తున్న. అయిందా బిడ్డ, పరీక్ష?"

ఏ డబ్బా ఇలా చేయదు. నీళ్ళలో కూర్చుని, కబురు చేతిలో పెట్టుకుని, అవతలివాళ్ళ పని చెడుతుందేమోనని టైము కోసం ఆగే డబ్బాని ఏ కంపెనీ తయారుచేయలేదు, దానికి ఏ గడిలో ఏ అంకె వేయాలో నాకెవరూ నేర్పలేదు. అయిందమ్మ, మంచిగైంది, అన్నాను. ఇగ పైకి పో. ఇప్పుడే పో. ఫోను పెట్టకు, చెవి కాడనే పెట్టుకో. దిగినవా? దిగిన. నీళ్ళు ఎంతదాంక? తొడల దాంక. గోడ పట్టుకో, బోర్డు దిక్కు పోకు. పట్టుకున్న. మెట్ల కాడికి వచ్చినవా? వచ్చిన. ఎక్కినవా? ఎక్కుతున్న. ఒక్కో మెట్టుకీ అడిగాను, ఒక్కో మెట్టుకీ ఆయాసంగా జవాబిచ్చింది, ఆమెకిది ఆటలా ఉన్నట్టుంది, మధ్యలో నవ్వింది కూడా. జీపు కదిలింది. ఇంకెన్ని ఉన్నయమ్మ? మలుపు కాడికి వచ్చిన, అంది, గరగరమంటూ, సగం సగం. మలుపు తిరిగితే ఇక వినబడదని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. అక్కడ ఆగింది.

"సింధూ, తిన్నవా?"

ఆ ప్రశ్న విని నెల దాటింది. సంచిలో అన్నం డబ్బా అలాగే ఉంది, పొద్దున ఇటుకలు పెట్టే మనిషి ఇటుకలు పక్కనపెట్టి కట్టిచ్చిన డబ్బా. ఇంకా లేదమ్మ, తినలే, ఆకలైతుంది, అన్నాను. అవతల ఏమీ లేదు, గరగర కూడా లేదు. నా మాట చేరిందో, అప్పటికే మలుపు తిరిగిందో. డబ్బా మూత తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఒక చేత్తో ముద్ద కలుపుతూ రెండో చేత్తో మళ్ళీ చేశాను.